చింతలగుంటపాలెంలో సంబోధనల సవరణ

సభ్యుల మర్యాదకు వెంట్రుకవాసి భంగం కలిగినా పదవికి రాజీనామా చేసి, మర్నాడే మళ్ళీ పోటీ చేస్తానని చింతలగుంటపాలెం మిరప రైతుల సహకార సంఘం అధ్యక్షులు యలమంద గారు గోడౌన్ మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఆ సమయంలో మెట్ల కింద జనం బాగానే ఉన్నారు. వాళ్ళంతా టార్పాలిన్ పట్టల కోసం వచ్చినవాళ్ళు. అయినా చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడితే పట్టలు తొందరగా ఇస్తారేమోనని కొందరనుకున్నారు.

కళ్లాల్లో రెండో కోత కాయ ఎర్రగా ఆరబోసి ఉంది. బంగాళాఖాతంలో ఏదో పుట్టిందని ఫోన్లు ఉండుండి కీచుమంటున్నాయి. ప్రభుత్వం వారు సభ్యులకు ఉచితంగా పంచమని లారీడు పట్టలు సంఘానికి పంపారు. అంతవరకూ కథలో వంకపెట్టడానికి ఏమీ లేదు.

ఆ ఉదయం సంఘం మైకు ఆటో నడిపే ప్రేమదాసు ఊళ్ళో ఒక చుట్టు తిరిగి, "రైతు సోదరులారా! టార్పాలిన్ పట్టలు వచ్చినవి. గోడౌనుకు వచ్చి తీసుకెళ్ళండి" అని చెప్పి వచ్చాడు. అందరికంటే ముందు వెంకటరావమ్మ వచ్చింది. పుట్టింటివాళ్ళిచ్చిన ఎకరంన్నర ఆమె పేరునే ఉంది, సంఘంలో సభ్యత్వమూ విడిగా ఉంది. సెక్రటరీ చైతన్యకృష్ణ బీకామ్ చదివినవాడు, ప్రతి మాటనూ ఉన్నదున్నట్టు అర్థం చేసుకునే అలవాటున్నవాడు.

"మీ ఆయన్ని పంపండమ్మా. సోదరులని కదా చెప్పింది."

"ఆయన గుంటూరు యార్డుకి కాయ తోలుకెళ్ళాడయ్యా. అయినా ఆయన పట్ట ఆయన తెచ్చుకుంటాడు. నా పట్ట నాకివ్వు."

"ప్రకటనలో సోదరీమణులు లేరండి. రేపు ఆడిట్‌లో ఎవరు జవాబు చెబుతారు?"

వెంకటరావమ్మ తిన్నగా అధ్యక్షుల వారి గదిలోకి నడిచింది.

"ప్రెసిడెంటు గారూ, నేను సోదరుణ్ణి కాదంట. అందుకని పట్ట ఇవ్వనంటన్నాడు. కాస్త చెప్పండి."

మామూలు నాయకుడైతే ఆ మాటల్లో 'పట్ట' అన్నది వినేవాడు. చైతన్యకృష్ణను కేకేసి ఒక పట్ట ఇప్పించేవాడు, దాంతో సంగతి అక్కడే చచ్చేది. యలమంద గారికి మాత్రం 'సోదరుణ్ణి కాదంట' అన్నదే వినిపించింది. ఆయన కుర్చీలోంచి లేచారు. కళ్ళు తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళుగా మనం మన ఆడపడుచులని పిలవనే లేదయ్యా, చైతన్యా!"

"లేదండి."

"ఇంత అవమానం జరిగాక ఒక్క పట్ట కూడా ఈ గడప దాటడానికి వీల్లేదు. తాళం వెయ్యి."

వెంకటరావమ్మ గదిలో ఉండగానే నాలుగు పట్టలు ఒక ట్రాక్టరులో వెళ్ళిపోయాయి. మోటారుసైకిలు మీద మనిషిని పంపి, సగం దారిలో ట్రాక్టరు ఆపించి, వాటిని వెనక్కి తెప్పించారు. న్యాయం అందరికీ ఒకటేనని యలమంద గారి సిద్ధాంతం.

"నా మూలాన వాళ్ళకి ఆపడం దేనికండీ? నాకూ ఒకటిస్తే పోద్దిగా" అంది వెంకటరావమ్మ.

"చూశారా!" అన్నారు యలమంద గారు, గుమ్మంలో మూగినవాళ్ళతో. "తనకి జరిగిన అవమానం తనే పట్టించుకోవట్లేదు. మనం కూడా పట్టించుకోకపోతే ఎట్టా?"

సాయంత్రానికి సంబోధనల సవరణ కమిటీ ఏర్పడింది. అధ్యక్షులు యలమంద గారు, సభ్యులు ఉపాధ్యక్షులు వీరాంజనేయులు గారు, కన్వీనరు చైతన్యకృష్ణ. మొదటి సమావేశంలోనే 'సోదర సోదరీమణులారా' అని దిద్దారు. ఇంత తేలికైన పనికి కమిటీ ఎందుకని ఊళ్ళో ఒకరిద్దరు అన్నారు. వాళ్ళకు సంబోధనలంటే ఏమిటో తెలియదు.

వెంకటరావమ్మ భర్త వెంకటనారాయణ యార్డు నుంచి అప్పుడే దిగి, ఒళ్ళంతా మిరపఘాటుతో తుమ్ముకుంటూ కమిటీ గదిలోకి వచ్చాడు.

"ఏందయ్యా ఇది? నేనూ సభ్యుణ్ణే, మా ఆడదీ సభ్యురాలే. ఆమె సోదరీమణీ, నేను సోదరుణ్ణీ అయితే మేమిద్దరం ఏమవుతామో చెప్పండి."

కమిటీ ఆలోచనలో పడింది. ఇంతలో ఉపాధ్యక్షులు వీరాంజనేయులు గారి ముఖం పాలిపోయింది. ఆయన కూతుర్ని మరో సభ్యుడి కొడుక్కిచ్చి చెయ్యడానికి మాటలైపోయాయి.

"అయితే నేనూ మా కాబోయే వియ్యంకుడూ సోదరులమేగా? అన్నదమ్ముల పిల్లలకి పెళ్ళేంది? ఆ మాట మైకులో మోగిందంటే మగపెళ్ళివారు వరస కుదరదని లేచిపోతారు. అసలే వాళ్ళావిడకి ఈ సంబంధం ఇష్టం లేదు."

'సోదర' అన్న మాట కొట్టేశారు. 'బంధుమిత్రులారా' అని పెడదామన్నాడు చైతన్యకృష్ణ. పెద్దకర్మ కార్డులాగా ఉందని వీరాంజనేయులు గారు అడ్డుపడ్డారు. 'రైతు మహాశయులారా' అన్నారు యలమంద గారు. ఆ మాట చెవిన పడి, వరండాలో నిలబడ్డ ఆదెమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. చర్చి వెనకాల కాలనీలో ఉంటుంది, రెండెకరాలు కౌలుకు చేస్తుంది.

"అయ్యా, కౌలుకి చేసేవాళ్ళం కూడా సభ్యులమే. ఆ మాటలో మేముంటామా?"

"ఆదెమ్మా, ఇక్కడ గౌరవం గురించి చర్చ జరుగుతోంది. నువ్వు కాస్త గుమ్మం అవతల నుంచుని మాట్లాడు."

"అవతల్నుంచే మాట్లాడతన్నానండి. లోపలికి రమ్మని ఎవరన్నా పిలిస్తేగా."

యలమంద గారు ఎంతో విశాల హృదయంతో ఆ మాటకు తలాడించి, 'కౌలు రైతుల మనోభావాలు పరిగణించడమైనది' అని చైతన్యకృష్ణ చేత మినిట్స్‌లో రాయించారు.

ఆ తర్వాత సంబోధన పెరగడం మొదలుపెట్టింది. హైదరాబాదులో ఉంటూ ఇక్కడ పొలమున్నవాళ్ళు ఫోను చేసి, దూరాన ఉన్నంత మాత్రాన తాము మహాశయులం కాకపోయామా అని అడిగారు. విశ్రాంత ఉద్యోగులు తమ పేరు ముందు 'విశ్రాంత' అని ఉండాలన్నారు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్ళు, అయితే తాము విశ్రాంతి లేనివాళ్ళమని రాయమన్నారు. యలమంద గారు ఎవరినీ నొప్పించలేదు. అడిగినవాళ్ళందరినీ చేర్చుకుంటూ పోయారు.

రోజూ పొద్దున్నే వెంకటరావమ్మ గోడౌను కిటికీ దగ్గరికి వచ్చేది. ఊచల్లోంచి చూస్తే నీలంరంగు పట్టలు కట్టలు కట్టలుగా, నిగనిగలాడుతూ కనిపించేవి. తర్వాత ఆమె యలమంద గారి దగ్గరికి వచ్చేది.

"ప్రెసిడెంటు గారూ, తూర్పున మబ్బు కడతంది. నన్ను ఏ పేరుతో పిలిచినా పలుకుతాను. ఆ పట్ట ఇప్పించండి."

"అమ్మా, నీ ఫిర్యాదు మీదే పనిచేస్తున్నాం. నీకు న్యాయం జరక్కుండా నీకు పట్ట ఇస్తే నా మనస్సాక్షి ఒప్పుకోదు."

"నేను ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను."

"తీసుకోకూడదమ్మా. అది ఇప్పుడు నీది కాదు, జాతిది."

జాతిది కావడానికి కారణం చైతన్యకృష్ణ. ఈ సంస్కరణంతా అతను వీడియో తీసి పార్టీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అది మండలం గ్రూపు నుంచి జిల్లా గ్రూపుకు, జిల్లా నుంచి అమరావతికి చేరింది. ఒక మధ్యాహ్నం మంత్రిగారి పీఏ ఫోను చేశాడు. మంత్రిగారి పీఏ అన్న మాట వినగానే యలమంద గారు కూర్చున్నవారు నిలబడ్డారు.

"ఊరు చిన్నదైనా ఐడియా పెద్దదండి మీది. సార్ చాలా ఇంప్రెస్ అయ్యారు. ఆ పిలుపు ఆటోకి జెండా ఊపడానికి స్వయంగా వస్తానన్నారు. శుక్రవారం ఖాళీ."

"మహాభాగ్యమండి. మరి ఈలోపు పట్టలు పంచెయ్యమంటారా?"

"పంచేస్తే ఇంక పిలవడం ఎందుకండి?"

ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డారు. ఏ కార్పొరేషనుకో డైరెక్టరుగా తన పేరు ఎలా ఉంటుందో ఒకసారి మనసులో చదువుకున్నారు. బాగానే ఉంది.

శుక్రవారం వచ్చింది. మంత్రిగారి కంటే ముందు మబ్బులు వచ్చాయి. ఖాళీ ట్రాక్టర్లు వేసుకుని సభ్యులు గోడౌను చుట్టూ నిలబడ్డారు. వేదిక మీద షామియానా పల్చగా ఉందని, పెద్దాయన తడిస్తే ఊరి పరువు పోతుందని యలమంద గారు తాళం తీయించారు. తలుపు కిర్రుమనగానే జనం ముందుకు తోసుకొచ్చారు. పోలీసులు వాళ్ళను ఆపారు. పట్టలన్నీ బయటికి వచ్చి వేదిక మీదికీ, వేదిక పక్కన భోజనాల పందిరి మీదికీ, మంత్రిగారి కార్లు ఆపే చోటికీ ఎక్కాయి. మిగిలినవి, నేల మీద తేమ తగలకుండా తివాచీ కింద పరిచారు.

మంత్రిగారు మైకు ముందు చేతులు జోడించారు. "మనిషికి కూడు లేకపోయినా బతుకుతాడు, గూడు లేకపోయినా బతుకుతాడు, మర్యాద లేకపోతే బతకలేడు!" అన్నారు. వేదిక మీదివాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆయన కూడూ గూడూ ఉన్న మనిషి కాబట్టి అనుభవంతోనే చెప్పి ఉంటారు.

తర్వాత జెండా ఊపారు. ప్రేమదాసు ఆటో కదిలింది. మైకులో సవరించిన పిలుపు మొదలైంది.

"మాన్యశ్రీ మంత్రివర్యుల దివ్య ఆశీస్సులతో... గౌరవనీయులైన సొంత రైతు మహాశయులకు, మహాశయురాండ్రకు... దంపతులైన సభ్యులకు దంపతులుగానూ, వియ్యంకులైన సభ్యులకు వియ్యంకులుగానూ, కాబోయే వియ్యంకులకు ఆ శుభకార్యం జరిగిన తర్వాత వియ్యంకులుగానూ..."

ఆటో రామాలయం వీధి దాటింది. జనం గుమ్మాల్లోకి వచ్చి విన్నారు. విశ్రాంత ఉద్యోగులు తమ మాట రాగానే కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. ఆటో పాల కేంద్రం దాటింది, హైస్కూలు దాటింది. దూరప్రాంతవాసులు అయిపోయారు. ఆటో కాలనీలోకి తిరిగింది. చర్చి ముందు ఆదెమ్మ, చేతిలో చీపురు పట్టుకుని, తమ మాట ఎప్పుడొస్తుందా అని నిలబడి వింటోంది.

"...భూమి కాగితం మీద రైతులు కాకపోయినను, భూమి మీద రైతులైన కౌలు మహాశయురాండ్రకు..."

ఆదెమ్మ పమిట సర్దుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమెను ఎవరూ మైకులో మహాశయురాలు అనలేదు. ఆ మాట ఒక్క క్షణం ఆమెకు బాగానే ఉంది.

"...ఇందుమూలముగా యావన్మందికి సవినయంగా తెలియజేయునది ఏమనగా..."

అప్పుడు చినుకు పడింది. తర్వాత వాన పడింది. ప్రేమదాసు మైకు తడవకుండా చొక్కా విప్పి చుట్టాడు గాని అది గుర్రుమని ఊరుకుంది. ఏమనగా తర్వాత ఏముందో చింతలగుంటపాలెం ఇప్పటివరకూ వినలేదు.

జనం కళ్లాలకు పరిగెత్తారు. దుప్పట్లు కప్పారు, చీరలు కప్పారు, ఎరువుల గోతాలు కప్పారు. వెంకటరావమ్మ ఇంట్లో మంచం మీది పరుపు కూడా తెచ్చి రాశి మీద పడేసింది. వాన ఆగేసరికి కళ్లాల నుంచి రోడ్డు కాలవలోకి ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. ఆ రోజు ఊళ్ళో తడవనిదల్లా సభావేదిక ఒక్కటే. మంత్రిగారు ఆ ఏర్పాటును మెచ్చుకుని, పొడి బట్టలతో వెళ్ళిపోయారు.

మర్నాడు కాయ రంగు మారడం మొదలైంది. తెల్లబారిన తాలు కాయను యార్డులో ఎవరూ చేత్తో కూడా ముట్టరు. వెంకటరావమ్మ చేటలో ఇన్ని కాయలు పోసుకుని యలమంద గారి గేటు దగ్గరికి వచ్చింది.

"ప్రెసిడెంటు గారూ!"

లోపల టీవీ మోగుతోంది. మంత్రిగారు జెండా ఊపిన దృశ్యం వస్తుందేమోనని యలమంద గారు ఛానెళ్ళు మారుస్తున్నారు.

"అధ్యక్షుల వారూ! యలమంద గారూ! అయ్యా!"

పిలుపు ఆయనకు వినిపించింది. ఆ పిలుపులో మర్యాదకు లోటు లేదు కాబట్టి తొందరేమీ లేదనుకున్నారు. వెంకటరావమ్మ గేటు పట్టుకుని గట్టిగా ఊపింది.

"ఒరేయ్ యలమందా! బయటికి రారా!"

యలమంద గారు రిమోటు చేతిలో పట్టుకునే వసారాలోకి వచ్చి నిలబడ్డారు. వెంకటరావమ్మ ఆయనకు పిన్ని వరస. ఆయన అధ్యక్షుడు కాకముందు ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. గెలిచిన రోజున మొట్టమొదట ఎవరో 'గారూ' అంటే, వెనక ఎవరున్నారోనని ఆయన తిరిగి చూశారు. ఇంటికెళ్ళి భార్యను కూడా ఒకసారి అలా అనమని అడిగారు. ఆమె వినలేదు గాని ఊరు వింది. ఆ రెండక్షరాలు సంపాదించడానికి పట్టిన కష్టం ఆయనకే తెలుసు. ఇప్పుడు గేటు దగ్గర వెంకటరావమ్మ వెనక వీధి వీధంతా పోగైంది. "ఒరేయ్ యలమందా" అని ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. నిన్నటిదాకా ఆయన ముందు చేతులు కట్టుకున్నవాళ్ళు కూడా అన్నారు. ఆయన గుండె నిజంగానే చెరువైంది. చేటలో కాయలు ఆయన చూడలేదని కాదు, చూశారు. కాని ఆ ఏడుపు వేరు, ఈ ఏడుపు వేరు.

"గౌరవం కోసం ఇంత చేసిన మనిషికి ఇదా మీరిచ్చే గౌరవం?" అన్నారు.

లోపలికి వెళ్ళి ఆయన పీఏకు ఫోను చేశారు. పీఏ పైవాళ్ళకు చేశాడు. మంత్రిగారి మెప్పు పొందిన సంస్కర్తను సభ్యులే 'ఒరేయ్' అన్నారంటే అది ప్రభుత్వాన్ని అన్నట్టేనని పైన తేలింది.

రెండు రోజులకే గుంటూరు నుంచి కారు వచ్చింది. ప్రభుత్వం ఇంత తొందరగా కదలడం చింతలగుంటపాలెం ఎన్నడూ చూడలేదు. నష్టం రాసుకోవడానికి వచ్చారన్న మాట క్షణాల్లో పాకింది. జనం గంపల్లో, బస్తాల్లో తడికాయ మోసుకుని సంఘం ఆఫీసు పందిట్లోకి వచ్చారు. ఆదెమ్మ వంతు రాకముందే తన గంప దించి ముందు వరసలో పెట్టింది. పందిరంతా బూజు వాసన, ఘాటు. అధికారి గారు తుమ్మి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. పద్ధతి తెలిసిన మనిషి. అందరినీ 'అండీ' అన్నారు.

"ఇవన్నీ ఎందుకు తెచ్చారండీ?"

"చూస్తారని" అంది ఆదెమ్మ.

"అది వేరే సెక్షనండి. నేను అధ్యక్షుల వారిని అగౌరవంగా సంబోధించిన విషయం మీద విచారణకు వచ్చాను."

పందిట్లో ఇద్దరు ముగ్గురు తుమ్మారు. యలమంద గారు ఉతికిన తెల్లబట్టల్లో అధికారి పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. స్టెనో లాప్‌టాప్ తెరిచాడు. మొదట వెంకటరావమ్మను పిలిచారు.

"వెంకటరావమ్మ గారూ, మీరు అధ్యక్షుల వారిని ఏమన్నారు?"

"ఒరేయ్ అన్నాను."

"ఎందుకలా అన్నారండీ?"

"అంతకుముందు గారూ అన్నాను, అధ్యక్షుల వారూ అన్నాను, అయ్యా అన్నాను. ఏం మార్పు లేదు. అప్పుడు ఒరేయ్ అన్నాను."

"ఆవిడ కావాలనే అందండీ. నలుగురిలో అంది. ఆ గొంతు వింటే మీకు తెలిసేది" అన్నారు యలమంద గారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

స్టెనో తలెత్తాడు. "సార్, కోపంగా అన్నారా, చనువుగా అన్నారా అన్న కాలమ్ ఉంది. వినకుండా నింపలేం."

అధికారి న్యాయంగా ఆలోచించారు. "వెంకటరావమ్మ గారూ, మీరేమీ అనుకోకపోతే, ఆ రోజు ఎలా పిలిచారో సరిగ్గా అలాగే ఒకసారి పిలవండి."

"ఇప్పుడా?"

"అదే గొంతుతో."

యలమంద గారు అధికారి వైపు వంగి, ఆ రోజు తన రక్తపోటు ఎంతకు పెరిగిందో చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. వెంకటరావమ్మ కొంగు నడుముకు చుట్టుకుంది. ఒకసారి తడికాయ గంపల వైపు చూసింది.

"ఒరేయ్ యలమందా!"

"ఆఁ పిన్నీ, వస్తన్నా!"

యలమంద గారు లేచి, నాలుగడుగులు ఆమె వైపు వేసి, పందిరి మధ్యలో ఆగిపోయారు.

స్టెనో వేళ్ళు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

"ఏమని కొట్టమంటారు సార్?"

అధికారి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పలికారు, అని కొట్టండి."